కరెంటు పోతేనే పాఠం

దేవదాస్‌కు తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, అతనే అనుకున్నాడు. ముప్పై ఆరేళ్ళు అలా అనుకుని, ఆ తర్వాత ఒక్క ఏడాదిలో ఆ అభిప్రాయాన్ని మొత్తంగా వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా "దేవదాసన్న తెలివిగల్లోడు" అంటే ఆ దేవదాసు ఎవరా అని చుట్టూ చూస్తాడు.

సిరిసిల్లలో అతనికి నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో తలుపు లేని దర్వాజ. పొద్దున ఆరింటికి మీట వేస్తే నాలుగూ ఒక్కసారే టకటకమని అందుకుంటాయి. ఎడమ పక్క సదానందం షెడ్డులో ఎనిమిది, కుడి పక్క ఆరు, ఎదురు వరసలో ఎన్నో ఎవరూ చెప్పలేరు. ఆ వీధిలో కాపురాలు చేసేవాళ్ళు నోటితో మాట్లాడుకుని లాభం లేదు. చేతులతో మాట్లాడుకుంటారు. ఐదు వేళ్ళు నోటి దగ్గరికి పోతే తిన్నావా అని. బొటనవేలు పెదవికి తగిలితే మంచినీళ్ళు. వేలు గుండ్రంగా తిప్పితే కండెలు అయిపోయాయి, నూలు చుట్టి తెమ్మని. మనుషులకు కూడా గుర్తులున్నాయి. బీడీ చుట్టినట్టు చూపిస్తే దేవదాస్ తల్లి సత్తమ్మ. భుజాల మీద రెండు జడలు గీస్తే పెద్దబిడ్డ హర్షిణి. బుగ్గలో వేలు గుచ్చితే సొట్టబుగ్గ చిన్నది, వందన. దేవదాస్ గుర్తు మీసం. భార్య బాలలక్ష్మి గుర్తు నడుము మీద చేయి, ఎందుకంటే అతనికి ఆమె ఎక్కువగా అలాగే కనిపిస్తుంది.

వందన పుట్టిన నెలకు ఉయ్యాలను సాంచా పక్కన కడితే పిల్ల మూడు గంటలు కదలకుండా నిద్రపోయింది. హర్షిణి అలా కాదు, ఏడాది దాకా సాంచా చప్పుడుకు ఉలిక్కిపడి ఇల్లు పీకి పందిరేసింది. "గిదీ అసలైన షెడ్డు బిడ్డంటే" అని దేవదాస్ వీధంతా చెప్పుకున్నాడు. దీపావళికి గుమ్మం ముందు బాంబు పేలితే హర్షిణి మంచం కిందికి దూరింది, రెండేళ్ళ వందన రెప్ప కూడా కొట్టలేదు. ధైర్యం, నా పోలిక, అన్నాడు. ఆ సమయంలో అతను కూడా సగం మంచం కిందే ఉన్నాడు, పెద్దదాన్ని బయటికి తీయడానికి వంగానని చెప్పుకున్నాడు. వందన పిలిస్తే తిరిగేది కాదు. పౌరుషం, మా బాపు పోలిక, అన్నాడు. రెండున్నరేళ్ళు దాటినా మాట రాలేదు. మాట పొదుపు గల పిల్ల, మీ పుట్టింటి పోలిక మాత్రం కాదు, అని బాలలక్ష్మికి చేతులతో చెప్పాడు. ఆమె నడుము మీద చేయి పెట్టుకుంది.

పోనీ పిల్ల నిజంగా మాట్లాడకుండా ఉందా అంటే అదీ లేదు. పొద్దంతా చేతులతో వాగుతూనే ఉండేది. నాలుగో సాంచా పక్కన నిలబడి, గంటగంటకూ తండ్రికి ఇంటి సమాచారం మొత్తం అందించేది. కుక్క వచ్చింది, పోయింది. బీడీల బాపమ్మ పొగాకు బియ్యం డబ్బాలో దాచింది. అక్క నన్ను కొట్టింది, నువ్వు చూడలేదు, ఇప్పుడు పోయి చూడు. మూడేళ్ళకే ఇన్ని ముచ్చట్లు చెప్పే పిల్లకు చెవుడని ఎవరికి తోస్తుంది?

బాలలక్ష్మికి తోచింది. ఒకనాడు ఆమె పిల్ల వెనక నిలబడి స్టీలు బిందెను దబ్బున కింద పడేసింది. పిల్ల తిరగలేదు. ఆమె షెడ్డులోకి పరుగెత్తుకొచ్చి మగని చెవిలో అరిచింది.

"పిల్లకు ఇనవడ్తలేదయ్యా. బిందె వడ్డా తిరుగుతలేదు."

"నాలుగు సాంచాల నడుమ వెరిగిన పిల్లకు బిందె చప్పుడొక లెక్కనా? నేను గూడ తిరగలే. నాకు గూడ చెవుడేనా?"

"నీకున్నది చెవుడు గాదు" అంది బాలలక్ష్మి. మరేముందో చెప్పకుండా లోపలికి పోయింది.

సత్తమ్మ కొడుకు పక్షం. "మీ మామ ఐదో ఏడు దాక నోరు తెర్వలేదంట. తెరిచినంక సచ్చేదాక మూయలే" అని కోడలికి ధైర్యం చెప్పింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని దేవదాస్, మా వంశంలో కుందేళ్ళన్నీ అంతేనని అతని తల్లి. ఇద్దరూ కలిసి ఇంకో ఆరు నెలలు గడిపేశారు.

ఎండాకాలంలో బాలలక్ష్మి తమ్ముడు కైలాసం పెళ్ళికి అందరూ చెన్నూరు పోయారు. చెన్నూరులో అత్తగారింట్లో సాంచాలు లేవు. పెళ్ళైన మర్నాడు మధ్యాహ్నం ఇల్లంతా అలసి పడుకుంది. బజారులో ఐస్‌క్రీం బండి గంట గణగణమని మోగింది. పిల్లలందరూ గుంపుగా వాకిట్లోకి ఉరికారు. వందన ఒక్కతే గోడ వైపు తిరిగి కూర్చుని చింతగింజలు పేర్చుకుంటోంది. ఐస్‌క్రీం అంటే ఆ పిల్ల ప్రాణం పెడుతుంది.

దేవదాస్ చేతిలో చాయ్ గ్లాసు ఉంది. "వందనా" అని పిలిచాడు. అంత నిశ్శబ్దంలో తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. మళ్ళీ పిలిచాడు. మూడోసారి అరిచిన అరుపుకు పక్క గదిలో మామగారు లేచి కూర్చున్నాడు. పిల్ల ఒక గింజ మీద ఇంకో గింజ పెట్టింది. ఆ ఇంట్లో సాంచాలు లేవు కాబట్టి దేవదాస్‌కు సాకులు కూడా లేకుండా పోయాయి. లేచి ముందుకు పోయి కూర్చున్నాడు. వందన తలెత్తి, నవ్వి, పెదవి మీద మీసం గీసి, నువ్వెప్పుడు వచ్చావని అడిగింది. అతను అరగంట నుంచీ ఆమె వెనకే ఉన్నాడు.

తిరుగు బస్సులో బాలలక్ష్మి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నడుము మీద చేయి కూడా పెట్టుకోలేదు. తిట్టినా బాగుండేదని మంచిర్యాల దాటేదాకా అనుకున్నాడు.

కరీంనగర్‌లో పరీక్షలు చేసి, రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువని తేల్చారు. మాటలు నేర్పే మేడం ఒకామె ఉంది, పేరు స్పందన, చిన్న వయసు. నాలుగేళ్ళు వస్తున్నా ఎలా గమనించలేదని ఆమె అడిగితే దేవదాస్ షెడ్డు సంగతి, చేతుల సంగతి విడమర్చి చెప్పాడు. ఆమె రాసుకోవడం ఆపి విన్నది.

"అంటే మీ ఇంట్ల అందరు ఎట్లున్నరో పిల్ల గూడ గట్లనే ఉన్నదన్నట్టు. గందుకే దొరకలే మీకు" అంది. ముందే తెలిస్తే ఇంకా బాగుండేదని కూడా చెప్పింది. బాధపెట్టకూడదని మెల్లగా చెప్పింది కానీ అతనికి గట్టిగానే తగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళను దేవదాస్ చాలామందిని చూసి నవ్వాడు. ఇప్పుడు తన వంతు వచ్చింది, నవ్వేవాడు లేడు.

చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అనే సామెత అతని నోట రోజుకు నాలుగుసార్లు వచ్చేది, ముఖ్యంగా హర్షిణి ఎక్కాలు చదివేటప్పుడు. ఇంటికొచ్చిన రోజు సాయంత్రం కూడా వచ్చింది. సగంలో ఆగిపోయాడు. ఎనిమిదేళ్ళ హర్షిణి తండ్రి ముఖం చూసి, "ఫికర్ చెయ్యకు బాపూ, చెల్లెకు ఇనవడలే" అంది.

నెల తిరక్కుండా చెవి వెనక పెట్టుకునే మిషన్లు రెండు వచ్చాయి. శుభకార్యానికి ఆలస్యం ఎందుకని దేవదాస్ మర్నాడు పొద్దున షెడ్డులోనే, నాలుగో సాంచా పక్కనే పిల్ల చెవులకు వాటిని పెట్టాడు. వందన ఒక్క కేక పెట్టి, రెండు మిషన్లనూ పీకి, తెగిన నూలు పోగుల కుప్పలోకి విసిరేసింది. ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం దాకా ఆ కుప్ప వెతికారు. మర్నాడు మళ్ళీ అదే. మూడోరోజు దేవదాస్ ఫోనులో వీడియో తీశాడు. మిషన్లు పాడువి ఇచ్చారని, సాక్ష్యం తన దగ్గర ఉందని, తన వంటి తెలివిగలవాణ్ణి మోసం చేయడం అంత సులువు కాదని బస్సెక్కి కరీంనగర్ పోయాడు.

స్పందన మేడం వీడియో మొత్తం చూసింది.

"అన్నా, ఇదెక్కడ తీసిండ్రు?"

"మా షెడ్డులనే మేడం."

"సాంచాలు నడుస్తున్నయా అప్పుడు?"

"నడువకుంటే మాకు బువ్వెట్ల నడుస్తది మేడం?"

ఆమె ఫోను అతని చేతికిచ్చింది. "పుట్టినకాన్నుంచి ఒక్క చప్పుడు సక్కగ ఇనని పిల్లకు మొట్టమొదలు ఇరవై సాంచాలు ఇనిపించిండ్రు. మిషన్ మంచిగనే పని చేస్తుంది. జర ఎక్కువనే చేసింది."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దేవదాస్ తన గొప్పతనం గురించి ఆలోచించుకున్నాడు. లోకంలో తల్లి గొంతుంది, కోయిల ఉంది, గుడిగంట ఉంది, ఐస్‌క్రీం బండి గంట ఉంది. ఇన్ని ఉండగా బిడ్డకు మొదటి చప్పుడుగా నాలుగో సాంచాను ఎంచి ఇచ్చిన తండ్రి రాష్ట్రం మొత్తంలో ఇంకొకడు ఉండడు.

నిశ్శబ్దంగా ఉన్నచోట పెట్టండని మేడం చెప్పింది. ఆ వీధిలో నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? తన నాలుగు ఆపితే సదానందం ఎనిమిది నడుస్తాయి. గుడిలో స్పీకరు, బజారులో ఆటోలు. చివరికి దొరికింది, కరెంటు పోయినప్పుడు. కరెంటు పోతే వీధి మొత్తం ఒక్కసారి గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కరెంటు పోతే తిట్టిన దేవదాస్ ఇప్పుడు కరెంటు ఎప్పుడు పోతుందా అని చూరు వైపు చూస్తూ సాంచా నడిపాడు. లైన్‌మన్ కనిపిస్తే మరమ్మతులేమీ లేవా అన్నా అని ఆశగా అడిగాడు. ఆ మనిషి తనను వెక్కిరిస్తున్నాడనుకుని వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

కరెంటు పోగానే ఇంట్లో యుద్ధం మొదలయ్యేది. బాలలక్ష్మి కండెలు వదిలి మిషన్ల డబ్బా తెచ్చేది. హర్షిణి పలక తెచ్చేది. దేవదాస్ చేతులు తుడుచుకుంటూ ఉరికొచ్చేవాడు. సత్తమ్మ బీడీల చాటతో సహా వచ్చి కూర్చునేది. మిషన్లు చెవులకు పెట్టగానే నలుగురూ ఒక్కసారి మొదలుపెట్టేవారు. ఇది గ్లాసు, ఇది పలక, నేను బాపును, ఇగో కాకి. గోడ మీది నుంచి సదానందం తల పెట్టి, "నేను పెద్దబాపును బిడ్డా, పెద్దబాపును" అని సాంచాలు నడుస్తున్నప్పటి అలవాటుకొద్దీ అరిచేవాడు. వందన చెవులు మూసుకుని బాపమ్మ కొంగులో దూరేది. ఒక్కొక్కరే మాట్లాడాలని స్పందన మేడం ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. కరెంటు ఎప్పుడు వచ్చేస్తుందోనని అందరికీ ఆత్రం. పిల్లకు ఒక్కో మాట ఒక్కో గుక్కలో పోసేయాలని దేవదాస్‌దే అందరికంటే ఎక్కువ ఆత్రం, పోగొట్టిన నాలుగేళ్ళూ అతని లెక్కలోవే మరి.

అయినా చలికాలం పోయేసరికి కొంత ఫలితం కనిపించింది. పళ్ళెం మీద గరిటె కొడితే వందన తిరిగేది. తలుపు కొడితే చూసేది. కాకి అరిస్తే నవ్వేది. ఆ నవ్వు చూడటానికి దేవదాస్ కాకులకు అన్నం పెట్టడం మొదలుపెట్టాడు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం తిరగలేదు. ఆమెకు తన పేరు బుగ్గలో గుచ్చే వేలు. నోటితో అనే మూడక్షరాలతో ఆమెకు సంబంధం లేదు.

ఆ పేరు మీదే చిక్కు వచ్చి పడింది. జూన్‌కు వందనకు ఐదు నిండుతాయి. హర్షిణి చదివే బడి వీధి చివరే ఉంది. పెద్ద మేడం పేరు తిరుమల, ఐదేళ్ళ కింద మెట్‌పల్లి నుంచి బదిలీ మీద వచ్చింది, నిక్కచ్చి మనిషి, చెడ్డది కాదు. ఏప్రిల్‌లో భార్యాభర్తలిద్దరూ పోయి అడిగితే దాపరికం లేకుండా చెప్పింది.

"తీసుకోనని అంటలేను దేవదాస్. ముగ్గురం టీచర్లం, ఐదు తరగతులు. పిల్ల బయటికి ఉరికితే పిలిస్తెనన్న తిరగాలె గద. రోడ్డు మీద లారీలు. బళ్ళు తెరిచేనాటికి పేరుకు పలికితే చాలు, నా ఒళ్ళె కూసోవెట్టుకుంట. లేకుంటే కరీంనగర్ల గసొంటి పిల్లల బడి ఉన్నది, హాస్టల్ ఉన్నది. మంచిగ చూసుకుంటరు."

బాలలక్ష్మి ఇంటిదాకా ముందు ముందు నడిచింది. గుమ్మంలో ఆగి, "ఐదేండ్ల పిల్ల రాత్రి లేచి ఎవ్వలకు చేతులు చూపుతది?" అంది. వందన ఇంట్లో ఉండాలంటే జూన్‌లోపు తన పేరుకు తిరగాలి. అంతే సంగతి.

స్పందన మేడాన్ని అడిగితే ఆమె ఒక సలహా ఇచ్చింది. "చేతులు జర తగ్గించి నోటితోని ఎక్కువ చెప్పుండ్రి. పిల్లకు మీ ముఖం కనవడాలె."

జర తగ్గించమంది ఆమె. దేవదాస్ జరతో ఆగే మనిషైతే ఈ కథే ఉండేది కాదు. ఇంటికొచ్చి శాసనం చేశాడు. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ చేతులతో మాట్లాడకూడదు. చెయ్యి లేపినవాళ్ళు బుట్టెడు కండెలు చుట్టాలి.

"దేవునికి దండం వెట్టుటానికన్న లేపాల్నా వద్దా కొడుకా?" అని సత్తమ్మ అడిగింది.

శాసనం చేసిన మొదటి పూటే ఆరు బుట్టల శిక్ష పడింది, ఆరూ దేవదాస్‌కే. పుట్టినప్పటి నుంచి మాట్లాడిన చేతులు, ఆపమంటే ఆగుతాయా? చంకల్లో పెట్టుకున్నాడు. తొడల కింద పెట్టి కూర్చున్నాడు. చివరికి వీపు వెనక ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. సాంచా దగ్గర పని చేసేటప్పుడు తప్ప మిగతా వేళల్లో బళ్ళ తనిఖీకి వచ్చిన అధికారిలా తిరిగాడు. సదానందం గోడ మీది నుంచి చూసి, వీపు నొప్పికి ఏదో తైలం ఉందని చెప్పాడు.

పది రోజులకు అలవాటైంది. చేతులు వెనక పెట్టుకుని, పిల్ల ముందు వంగి, పెదవులు పెద్దగా ఆడిస్తూ "వం-ద-న" అనేవాడు. కరెంటు ఉన్నా లేకున్నా అనేవాడు. వందన అతని నోటి వైపు చూసేది. తర్వాత అతని వెనక్కి పోయి చేతుల వైపు చూసేది. కొంచెంసేపు అక్కడే నిలబడి లోపలికి వెళ్ళిపోయేది.

కొన్నాళ్ళకు నాలుగో సాంచా దగ్గరికి రావడం మానేసింది. కుక్క వచ్చిందో పోయిందో, సత్తమ్మ పొగాకు ఎక్కడ దాచిందో, ఆ సమాచారం ఏదీ ఇప్పుడు దేవదాస్‌కు అందడం లేదు. వంటింట్లో ముగ్గురు ఆడవాళ్ళూ, బాపమ్మ కూడా, శాసనాన్ని పొయ్యిలో పెట్టి చిన్నదానితో చేతులతో ముచ్చట పెడుతున్నారని అతనికి తర్వాత తెలిసింది. ఇంట్లో చేతులు లేనివాడు అతనొక్కడే అయ్యాడు. ఒక సాయంత్రం సాంచా నడుపుతూ, మూడు వారాలుగా తన బిడ్డ తనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదని లెక్క తేలి, అతనికి ఏడుపొచ్చింది. చప్పుడు ఎలాగూ వినపడదు కాబట్టి హాయిగా ఏడ్చాడు. అయినా చేతులు విప్పలేదు. ఈ ఒక్క విషయంలోనైనా పట్టు నిలుపుకుంటే బిడ్డ ఇంట్లో ఉంటుందనుకున్నాడు. హాస్టల్ గుర్తొచ్చినప్పుడల్లా వేళ్ళు ఇంకా గట్టిగా బిగించుకున్నాడు.

బళ్ళు తెరిచిన రోజు వందనకు కొత్త గౌను వేసి, మిషన్లు పెట్టి, అందరూ బయల్దేరారు. పేరుకు ఆ పిల్ల ఇంకా తిరగడం లేదు. నిన్న సాయంత్రం ఒక్కసారి తిరిగింది. అది దేవదాస్ పిలుపుకా, అదే సమయంలో పడ్డ గిన్నెకా అన్నది తేలలేదు. దేవదాస్ తన పిలుపుకేనని తీర్మానించాడు.

ఒకటో తరగతి గదిలో ముప్పైమంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. గోడ అవతల ఎవరివో సాంచాలు నడుస్తున్నాయి, గది లోపలికి ఆ చప్పుడు మందంగా వస్తోంది. దేవదాస్ గుమ్మంలో చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన బాలలక్ష్మి. వందన వాళ్ళ వైపు తిరిగి గది మధ్యలో నిలబడింది. తిరుమల మేడం ఆమె వెనక, బోర్డు దగ్గర నిలబడింది.

"వందనా" అని పిలిచింది.

వందన తన కొత్త గౌను గుండీ చూసుకుంటోంది.

"వందనా."

బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం గొంతు సవరించుకుంది. ఇదే ఆఖరుసారి అని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

"వందనా" అంది మూడోసారి.

దేవదాస్ కుడిచేయి వీపు వెనక నుంచి తనంతట తానే బయటికొచ్చింది. చూపుడువేలు చిన్నగా పైకి లేచి, మేడం వైపు చూపించింది. వెనక్కి చూడు, అని. పచ్చి దొంగపని. రెండు నెలలు నిష్ఠగా కట్టేసిన చేయి విప్పింది ఒక దొంగపని కోసమని అతనికి ఆ క్షణంలోనే తెలుసు. అయినా విప్పాడు. ఇంకోసారి అవసరమైతే రెండో చేయి కూడా విప్పేవాడు.

వందన వెనక్కి చూడలేదు. ఆ చేతి వైపు కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఒక్క ఉరుకున వచ్చి రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. తిప్పి అరచేయి చూసింది, బోర్లించి వెనక చూసింది, మణికట్టు దగ్గర మెల్లగా నొక్కింది. తర్వాత తలెత్తి, ముఖం నొప్పిగా ముడిచి, ఆ నొప్పిని చేత్తో తుడిచేసి, కనుబొమ్మలు ఎగరేసింది.

నీ చేతులు బాగైనాయా, అని.

దేవదాస్‌కు అప్పుడు తెలిసింది. రెండు నెలలుగా ఈ పిల్ల తండ్రి చేతులకు ఏదో రోగం వచ్చిందనుకుంది. ఇంట్లో అందరి చేతులూ మంచిగా ఉన్నాయి, బాపు చేతులే పాడయ్యాయి. సాంచా దగ్గర ఎట్లాగో కదిలించి పని చేసుకుంటున్నాడు, ఇక తనతో ముచ్చట పెట్టాలంటే నొప్పి. అందుకే నాలుగో సాంచా దగ్గరికి రాలేదు. అలిగి కాదు, ఆయాసపెట్టకూడదని.

"సైగ చేసినవ్ గద దేవదాస్" అంది తిరుమల మేడం వెనక నుంచి.

"చేసిన మేడం. తప్పే."

"పిల్ల ఏమంటుంది?"

అతను చెప్పేలోపే ముందు చాప మీది పిల్లవాడొకడు లేచి చెప్పాడు.

"వాళ్ళ బాపు చేతులు మంచిగైనయా అని అడుగుతుంది మేడం."

"నీకెట్ల ఎర్కరా?"

"గట్లనే అడిగింది గద మేడం" అన్నాడు వాడు. మిగతావాళ్ళు కూడా అవునన్నట్టు తలలూపారు. ఇందులో అడగాల్సిందేముందో వాళ్ళకు అర్థం కాలేదు. అందరూ సాంచాల ఇళ్ళ పిల్లలే. రెండో వరసలో ఒక ఆడపిల్ల అప్పటికే జరిగి కూర్చుని, ఇటు రా, ఇక్కడ జాగా ఉంది, అని వందనకు చెయ్యి చూపిస్తోంది. వందన ఒక చేత్తో తండ్రిని పట్టుకుని, రెండో చేత్తో ఆగమని జవాబిచ్చింది.

తిరుమల మేడం ఆ పిల్లను, ఈ పిల్లను, చాపల మీది అందరినీ మార్చి మార్చి చూసింది.

"మెట్‌పల్లి నుంచి వచ్చి ఐదేండ్లాయె" అంది మెల్లగా. "నా క్లాసుల పోరగాళ్ళు ఎంత గమ్మున కూసుంటరో అని మా ఇంటికాడ గొప్పలు చెప్పుకున్న. గమ్మున లేరన్నట్టు."

చాపల మీద ఒకరిద్దరు తలలు దించుకున్నారు. లోకంలో తెలివి ఎక్కువైనవాడు తానొక్కడే కాదని దేవదాస్‌కు ఆ బాధలోనూ కొంచెం ఊరట కలిగింది.

మేడం బల్ల దగ్గరికి పోయి రిజిస్టరు తెరిచింది. "మిషన్లు వెట్టి రోజు తోలియ్యుండ్రి. పేరుకు పలుకుడు నేను నేర్పుత, ఎన్నొద్దులైనా సరే. ఆగుమంటే ఎట్లనో, ఇటు రా అంటే ఎట్లనో వీళ్ళు నాకు నేర్పుతరు. ఈ బళ్ళె ఆ ముచ్చట రానిదాన్ని నేనొక్కదాన్నే ఉన్న." పెన్ను తీసి, ఇంటిపేరేమిటని బాలలక్ష్మిని అడిగింది. బాలలక్ష్మి నోటి మీది కొంగు తీసి చెప్పింది.

వందన ఇంకా తండ్రి ముఖం చూస్తూనే ఉంది. ఆమె అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు. దేవదాస్ గుమ్మంలోనే కూలబడి కూర్చున్నాడు.

"మంచిగైనయి బిడ్డా" అన్నాడు నోటితో. అదే మాట చేత్తో కూడా అన్నాడు.

వందన నమ్మలేదు. రెండో చేయి కూడా చూపించమంది.